ఎత్తు నాన్నా

వేములగట్టు పాత లాకుల వైపు పొద్దుగూకాక ఒంటరిగా ఎవరూ వెళ్ళరు.

మా నరసాపురం నుంచి కాలవ గట్టు పట్టుకుని పోతే వస్తుంది ఆ ఊరు. పడవల మీద ధాన్యం తిరిగే రోజుల్లో కట్టిన లాకులవి. తలుపులు ఎప్పుడో ఊడిపోయాయి. పడవలు వచ్చి ఆగే తొట్టి మాత్రం అలాగే మిగిలింది — ఎత్తయిన రెండు రాతి గోడల మధ్య ఒక పెద్ద గొయ్యి. అడుగున బురదా, జమ్మూ. పక్కన కప్పు కూలిన లస్కరు ఇల్లు.

పూర్వం ఆ తలుపులు తిప్పే లస్కరు కూతురు ఆడుకుంటూ తొట్టిలో పడి చచ్చిపోయిందట. తండ్రికి మతి చెడి, గట్టు మీదే తిరిగి తిరిగి పోయాడట. అప్పట్నుంచీ చీకటి పడితే అక్కడ పసిపిల్ల ఏడుపు వినిపిస్తుందని చెప్పుకుంటారు. నిజంగా విన్నవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు... విన్నవాళ్ళని ఎరిగినవాళ్ళే ఊరంతా.

కిందటి డిసెంబరులో మాత్రం ఒక మనిషి వింది. ఆవిడ నాకు బాగా తెలుసు.

పేరు రెబెక్కా, వేములగట్టు కోడలు. మా స్కూల్లో లెక్కలు చెబుతుంది. తనే ఒకరోజు స్టాఫ్ రూములో, పిల్లలంతా వెళ్ళిపోయాక, నాకు చెప్పింది. ఆమె చెప్పింది చెప్పినట్టే చెబుతాను.

ఆ వేసవిలో రెబెక్కాకి నెలలు నిండకముందే కాన్పయింది. బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల. తల్లి చూస్తే తట్టుకోలేదని పెద్దవాళ్ళు అటునుంచి అటే తీసుకెళ్ళి సమాధి చేసేశారు. రెబెక్కాకి చూపించలేదు.

అప్పట్నుంచీ ఆవిడ గడప దాటలేదు. స్కూలుకి సెలవు పెట్టేసింది. చర్చికీ వెళ్ళలేదు. భర్త జాషువా రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు బాగు చేస్తాడు, ఒక్కోసారి రాత్రుళ్ళు కూడా అక్కడే ఉండాలి. అత్తగారు సూరమ్మ లేసు అల్లుతూ ఓ కంట కోడల్ని కనిపెట్టుకుని ఉండేది. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. అంతే.

ఆవిణ్ణి బయటికి లాగింది ఆడపడుచు లావణ్య. డిగ్రీ చదువుతోంది ఆ పిల్ల. ఒక సాయంత్రం వదిన ఫోన్ లాక్కుని అందులో ఒక ఆట ఎక్కించింది. నిజం వీధుల్లోనే తిరుగుతూ, ఫోన్లో కనపడే వింత జీవాల్ని వల వేసి పట్టుకోవాలి. ఇంట్లో కూర్చుంటే ఏమీ రావు. నడవాలి. అదీ ఆట.

"నాకెందుకే ఇవన్నీ?" అంది రెబెక్కా.

"నీక్కాదు, నాకు తోడు కావాలి. ఇలా చూడు వదినా... ముందు దొరికిందల్లా పట్టు. పిచ్చుకంత ఉన్నా సరే, చిన్నదని వదలకు. మొదట్లో లెవెల్ పెరిగేది వాటితోనే."

రేవు మెట్ల దగ్గర నిలబెట్టి నేర్పింది. "వల వెంటనే విసిరెయ్యకు. దాని చుట్టూ గీత తిరుగుతోంది చూశావా? అది బాగా చిన్నదయ్యేదాకా ఊరుకో... ఊరుకో... ఇప్పుడు వెయ్యి!"

పడింది. ముళ్ళపంది లాంటిదేదో, బుజ్జిది. రెబెక్కా దాన్ని చాలాసేపు చూసింది.

"వలలు అయిపోయాయని డబ్బులు పెట్టి కొనకు. చర్చి, వాటర్ ట్యాంకు, రేవు — ఊళ్ళో తెలిసిన చోట్లన్నీ మ్యాపులో నీలం చుక్కలుంటాయి. దగ్గరికెళ్ళి వేలితో తిప్పితే ఊరికే ఇస్తారు. ఎర్ర జెండా ఉంటే అది కోట. ఎవరైనా తమ జీవాన్ని కాపలా పెట్టి పోవచ్చు, కింద వాళ్ళ పేరు కనిపిస్తుంది. ఇక సౌండు తీసేసుకో, చార్జింగ్ మిగులుతుంది. అన్నిటికన్నా ముఖ్యం — నడుస్తూ ఫోన్ చూడకు. అది వణికినప్పుడు ఆగు. ఆగాకే చూడు. లేదంటే కాలవలో ఉంటావ్."

"మరి ఇదేంటి?"

"అది గుడ్డు. మన వెంట ఉంచుకుని నడిస్తే పిల్ల అవుతుంది. బండి మీద తిరిగితే లెక్కలోకి రా..." అంటూనే లావణ్య నాలిక కరుచుకుంది.

రెబెక్కా తెర మీది గుడ్డు వంక చూసింది. "ఎంత దూరం నడవాలి?" అని అడిగింది.

ఆ వేసవి తర్వాత ఆవిడ తనంతట తను అడిగిన మొదటి మాట అదేనట. లావణ్య ఇంటికెళ్ళి తల్లిని పట్టుకుని ఏడ్చింది.

అలా మొదలైంది నడక. వానలు పోయి చలి పట్టేసరికి రెబెక్కా రోజూ సాయంత్రం గట్టు మీద ఊరి చివరిదాకా వెళ్ళి వచ్చేది. నీటి జీవాలు పొద్దువాలే వేళ కాలవ పక్కనే వస్తాయని లావణ్య చెప్పింది, నిజమే. ఆకలి వేస్తోందని అడిగి అన్నం పెట్టించుకునేది. సూరమ్మకి ఆ ఆటేంటో అర్థం కాకపోయినా దాన్ని ఒక్క మాట అనేది కాదు.

డిసెంబరు వచ్చింది. ఇళ్ళ ముందు కాగితం నక్షత్రాలు కట్టారు.

ఒకరోజు పొద్దున్నే చేపలావిడ చిన్నమ్మాయి గుమ్మంలో బుట్ట దించి, కూర్చోకుండానే గొంతు తగ్గించింది.

"సూరమ్మగారూ... విన్నారా? రాత్రి లాకుల దగ్గర..."

"ఎప్పుడూ ఉండేదేగా."

"ఎప్పుడూ ఏడుపనేవాళ్ళు కదండీ. రాత్రి మాటలంటండీ... స్పష్టంగా. 'నాన్నా, ఎత్తు నాన్నా' అంటోందంట. దీపం కూడా కనపడిందంట, వెలగడం, ఆరిపోవడం. తొట్టి అడుగునుంచి మూలుగంట."

సూరమ్మ చేతిలో లేసు సూది ఆగిపోయింది.

"నీళ్ళలో పడ్డ పిల్ల కదండీ..." అంది చిన్నమ్మాయి. "ఎత్తమంటోంది."

వాళ్ళిద్దరూ వెనక్కి తిరిగి చూసేసరికి రెబెక్కా తలుపు దగ్గర నిలబడి ఉంది. ముఖంలో రక్తం లేదు.

"అమ్మాయ్, ఇవాళ నడక వద్దు," అంది సూరమ్మ.

కానీ ఆ సాయంత్రం జాషువా చెరువుల దగ్గరికి పోయాడు. లావణ్య కాలేజీ నుంచి ఇంకా రాలేదు. సూరమ్మ ప్రార్థన కూటానికి వెళ్ళింది. ఇంట్లో రెబెక్కా ఒక్కర్తే... ఆ మాట చెవిలోంచి పోవడం లేదు. గోడల మధ్య కూర్చుంటే ఇంకా గట్టిగా వినపడుతోంది. చెప్పులేసుకుని బయటపడింది.

చివరి ఇంటి దగ్గర తిరిగొచ్చేద్దామనే అనుకుంది. అక్కడే జేబులో ఫోన్ వణికింది.

ఆగి చూసింది. నీటికుక్క లాంటి జీవం ఒకటి, వీపు మీద వెండి చార. లావణ్య ఎన్నాళ్ళనుంచో దొరకడం లేదని గోల పెట్టేది దాని కోసమే. మ్యాపులో ఎక్కడుందా అని చూస్తే... లాకుల దగ్గర.

లాకుల మీదే ఎర్ర జెండా కూడా ఉంది. నొక్కితే ఒక తాబేలు, కింద పేరు — ఉదయ్ తణుకు. నిన్న సాయంత్రమే కాపలా పెట్టి పోయాడు.

నిన్న ఎవరో మనిషి వచ్చి, అక్కడ నిలబడి, ఆడుకుని వెళ్ళాడు కదా. ఆ పేరు చూస్తే రెబెక్కాకి కొంచెం ధైర్యం వచ్చింది. ఇంకా కాస్త వెలుగుంది. ఫోన్ జేబులో పెట్టుకుని గట్టు మీద నడిచింది.

లస్కరు ఇల్లు దాటేసరికి ఆ కాస్త వెలుగూ పోయింది. కాలవ మీద మంచు దిగుతోంది. సర్కారు తుమ్మ పొదలు దారి మీదికి వాలి ఉన్నాయి. తొట్టి గోడ కనపడగానే ఆగింది. ఇంక ముందుకెళ్ళక్కర్లేదు, ఇక్కణ్ణుంచి వల అందుతుంది.

ఫోన్ తీసింది. గీత తిరుగుతోంది. చిన్నదవుతోంది... ఇంకా చిన్నదవుతోంది...

"నాన్నా..."

వేలు ఆగిపోయింది.

ఆటలోంచే అనుకుంది. కానీ ఆట సౌండు తీసేసి ఎన్నాళ్ళయిందో.

"నాన్నా... ఎత్తు నాన్నా..."

పసిదాని గొంతు. మూడేళ్ళో, నాలుగేళ్ళో. గారంగా మొదలై, చివర్లో ఏడుపులోకి దిగుతోంది. తొట్టి వైపు పొదల కింద ఒక వెలుగు — తెల్లగా, నేలకి ఆనుకుని.

"ఎత్తూ... నాన్నా, ఎత్తూ..."

రెబెక్కా పరిగెత్తింది. చెప్పు ఒకటి ఎక్కడ ఊడిందో తెలీదు. ముళ్ళు గీరుకున్నా తెలీలేదు. చివరి ఇంటి ముందున్న కరెంటు స్తంభం కిందికొచ్చి, దాన్ని కావలించుకుని నిలబడింది. ఆ ఇంటి తలుపులు వేసి ఉన్నాయి. లోపల టీవీ సౌండు బాగా పెంచి పెట్టారు.

వెనక చప్పుడు ఆగిపోయింది. ఊపిరి తీసుకుంది.

మళ్ళీ మొదలైంది. దూరంగా, నీళ్ళ మీదుగా... సన్నగా.

"...ఎత్తు..."

ఇక్కడ రెబెక్కా చెప్పడం ఆపేసింది. స్టాఫ్ రూములో ఫ్యాన్ తిరుగుతోంది. తన అరచేతుల వంక చూసుకుంది.

"ఆవేళ ఆసుపత్రిలో నేను అడిగానండి," అంది నెమ్మదిగా. "ఒక్కసారి ఎత్తుకుంటానన్నాను. వద్దన్నారు. ఒక్కసారంటే ఒక్కసారి అన్నాను... ఎవరూ వినలేదు. మరి అక్కడ ఒక పిల్ల ఎత్తమని అడుగుతోంది. దెయ్యమే అనుకుందాం... దెయ్యమైతే మటుకు? ఎన్నాళ్ళని అడుగుతుంది?"

ఒంటి చెప్పుతో వెనక్కి తిరిగింది.

ఈసారి పరిగెత్తలేదు. "ప్రభువా... ప్రభువా..." అనుకుంటూ, ఫోన్ లైటు వేసుకుని, గట్టు మధ్యలో నడిచింది. లస్కరు ఇల్లు దాటింది. గొంతు ఆగిపోయింది, వెలుగు ఆరిపోయింది.

"అమ్మా..." అని పిలిచింది. "ఎక్కడున్నావమ్మా?"

ఒక అడుగు... ఇంకో అడుగు. గోడ అంచు కాలికి తగిలింది. లోపల ఏమీ కనపడ్డం లేదు, చల్లటి బురద వాసన పైకి వస్తోంది.

సరిగ్గా పాదాల పక్కన వెలుగొచ్చింది.

"నాన్నా! ఎత్తు నాన్నా!"

రెబెక్కా కేక కూడా వెయ్యలేకపోయింది. కళ్ళు మాత్రం కిందికి చూశాయి.

తుమ్మ పొదలో ఫోన్.

అద్దం పగిలింది. వెనక రబ్బరు బ్యాండుతో పవర్ బ్యాంకు కట్టి ఉంది. తెర మీద ఒక ఆడమనిషి ఫొటో, కింద దేవిశ్రీ అని పేరు. ఫోన్ మోగుతోంది. ఆ పిల్ల గొంతు... ఆ ఫోన్ మోత.

అది తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏవండీ!" అవతల ఒక్కసారిగా ఏడుపు. "ఏవండీ, ఎక్కడున్నారండీ... నిన్ననగా పోయారు... మాట్లాడండీ!"

"నేను... నేనండీ," అంది రెబెక్కా. "ఈ ఫోను ఇక్కడ దొరికింది. వేములగట్టులో. మోగుతోంది... పిల్ల గొంతు..."

"మా పాపండీ అది. ఫోన్ చేస్తే ఎత్తరని ఆయనే దాని చేత అనిపించి పెట్టుకున్నారు. ఫోన్ ఎత్తు నాన్నా అని... రాత్రంతా చేస్తూనే ఉన్నానమ్మా. పోలీసులు నరసాపురం రేవులో, గోదావరి దాటించే పంటు దగ్గర అడుగుతున్నారు. ఆయనేరీ? మా ఆయనేరమ్మా?"

రెబెక్కా కళ్ళ ముందు ఎర్ర జెండా మెదిలింది. తాబేలు. దాని కింద పేరు.

గోడ అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. లైటు లోపలికి తిప్పి, ఉన్న గొంతంతా పెట్టి పిలిచింది.

"ఉదయ్ గారూ!"

జమ్ములోంచి కప్ప ఒకటి దూకింది.

"ఉదయ్ గారూ! తణుకు ఉదయ్ గారూ!"

అప్పుడు కిందనుంచి — చాలా కిందనుంచి — గొంతు కాదది, గాలి లాంటిది.

"...ఉన్నానండి..."

ఆ తర్వాత జరిగిందంతా తనకి ముక్కలు ముక్కలుగానే గుర్తుందట. 108కి ఫోన్ చేసింది. జాషువాకి చేసింది. గట్టు మీద నిలబడి ఊరి వైపు తిరిగి, "మనిషండీ! దెయ్యం కాదు, మనిషి!" అని అరిచింది. ఒక తలుపు తీశారు. తర్వాత ఇంకొకటి. ఎవరూ మెట్టు దిగలేదు. చివరికి పల్లంరాజు గారనే రైతు ట్రాక్టరు తీసి, ధాన్యం బస్తాలకి వాడే మోకులు వేసుకుని వచ్చాడు. ఆ ట్రాక్టరు వెనక జనం వచ్చారు. జాషువా చెరువుల దగ్గర్నుంచి బండి మీద పడుతూ లేస్తూ వచ్చి, నడుముకి మోకు కట్టుకుని తొట్టిలోకి తనే దిగాడు.

అతన్ని పైకి తీసేసరికి ఒళ్ళంతా బురద. కాలు మోకాలి కింద వంకర తిరిగిపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి. రెబెక్కా తన చున్నీ కప్పి, అంబులెన్సు వచ్చేదాకా అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఉదయభాస్కర్ అతని పేరు. తణుకులో కళ్ళజోళ్ళ షాపు ఉంది. నరసాపురంలో స్నేహితుడింటికి రైల్లో వచ్చి, పనైపోయాక ఆటలో గుడ్డు పిల్ల అవుతుందని గట్టు మీద నడుచుకుంటూ వచ్చేశాడు. కోటలో తాబేలుని పెట్టాడు. వెండి చార జీవం అతనికీ కనపడింది. దానికి వల వేస్తూ, తెర మీంచి కళ్ళు తియ్యకుండా ఒక్క అడుగు ముందుకేశాడు. పడేటప్పుడు ఫోన్ చేతిలోంచి ఎగిరి పైనే ఉండిపోయింది. పెళ్ళాం చేసిన ప్రతిసారీ కూతురి గొంతు కిందికి వినపడేది... చెయ్యి అందదు. మర్నాడు పగలంతా అటు ఒక్కరూ రాలేదు.

వాళ్ళమ్మాయి ఆసుపత్రిలో తండ్రి మంచం వదల్లేదట.

ఆపరేషన్ అయ్యాక రెబెక్కా, జాషువా చూడ్డానికి వెళ్ళారు. ఉదయభాస్కర్ రెబెక్కా చేతులు పట్టుకుని వదల్లేదు. దేవిశ్రీ కొంగు నోట్లో కుక్కుకుంది. జాషువా కొంచెం వెనగ్గా, కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"మీరొచ్చే ముందు రోజు రాత్రే అనుకున్నానండీ బతికిపోయానని," అన్నాడు ఉదయభాస్కర్. "గట్టు మీద పాటలు వినిపించాయి."

"పాటలా?"

"క్రిస్మస్ పాటలండి. డ్రమ్ము, గిటారు... చాలామందే ఉంటారు. ఇంటింటికీ తిరిగి వస్తున్నట్టున్నారు. దగ్గరకొస్తున్నారు, దగ్గరకొస్తున్నారు... సరిగ్గా నా నెత్తిమీదికి వచ్చారు. ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను. 'బాబూ, పడిపోయాను బాబూ' అని. పైన ఫోను కూడా మోగింది అప్పుడే."

అతను కప్పు వంక చూశాడు.

"పాట ఆగిపోయిందండి."

"తర్వాత?"

"పరిగెట్టిన చప్పుడు."

పాప మంచం మీద నిద్రపోతోంది. రెబెక్కా ఎందుకో కిటికీ వైపు తిరిగింది. జాషువా అక్కడ లేడు.

కింద, బండి దగ్గర నిలబడి ఉన్నాడు. ఎక్కమని సైగ చేశాడు. ఊళ్ళోకి తిరిగే మలుపు దగ్గర, గట్టు మీద, బండి ఆపేశాడు. ఇంజను తీసేశాడు. తల తిప్పకుండానే అన్నాడు —

"ఆ కేరల్స్‌లో నేనూ ఉన్నాను. చెరువుల దగ్గర్నుంచి అటే వెళ్ళాను. చర్చివాళ్ళం... డ్రమ్ము నా దగ్గరే ఉంది."

రెబెక్కా దిగి అతని ముందుకొచ్చి నిలబడింది.

"అందరికంటే ముందు పరిగెత్తింది నేనే."

"పాప గొంతు విని భయపడ్డారు," అంది. అతనికి ఒక దారి చూపిద్దామని. "ఎవరైనా భయపడతారు. నేనూ పరిగెత్తాను కదా."

అతను హ్యాండిల్ పట్టుకుని తల దించుకున్నాడు.

"మరి... కిందనుంచి ఆయన అరిచింది? బాబూ అన్నది?"

"వినపడింది."

"మనిషి గొంతేనని తెలిసిందా?"

కాలవలో నీళ్ళు పోతున్నాయి. అవతలి ఒడ్డున ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయారు. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా జాషువా హ్యాండిల్ మీదున్న తన చేతుల్నే చూస్తూ కూర్చున్నాడు.

"తెలిసింది," అన్నాడు.